గ్రేస్ ఆంటీ ఇచ్చిన జెండా

ఆస్ట్రేలియాలో శీతాకాలం శనివారం పొద్దున క్లైడ్ నార్త్‌లో మా ఇంటి వెనక మైదానం మీదుగా గాలి వీచిందంటే చాలు, అక్కడి స్టాల్లో పెనం మీద వేగే ఉల్లిపాయల వాసనా మంచుకు తడిసిన గడ్డి వాసనా కలిసి వంటింట్లోకి వచ్చేస్తాయి. వెనకే ఒక విజిల్. ఇక నా చేతిలో కాఫీ ఏమవుతుందో నాకు తెలియదు. ఆఫీసులో పదిమంది మీద అజమాయిషీ చేసే మనిషిని, ఒక పిల్లకు తల్లిని, అయినా కాళ్లు వాటంతట అవే బూట్లు వెతుక్కుంటాయి. ఇదంతా గ్రేస్ ఆంటీ చలవ. ఆవిడ మీకు తెలియదు. పేపర్లో ఫొటో పడేంత పెద్ద మనిషేమీ కాదు. కాన్‌బెర్రాలో వృద్ధుల సంరక్షణ కేంద్రంలో నర్సు. శని, మంగళవారాలు మాత్రం పన్నెండేళ్ల లోపు పిల్లల ఫుట్‌బాల్ జట్టుకి కోచ్. నా చదువు రోజుల్లో నాకు దొరికిన అసలైన చదువు ఆవిడ దగ్గరే దొరికింది.

అనంతపురం నుంచి మాస్టర్స్ చేయడానికి కాన్‌బెర్రా వచ్చి, హారిసన్‌లో మరో ముగ్గురు అమ్మాయిలతో ఒక ఇంట్లో ఉండేదాన్ని. ఒక మంగళవారం సాయంత్రం యూనివర్సిటీ నుంచి ట్రామ్ దిగి నడిచి వస్తుంటే మైదానంలోంచి ఒక బంతి ఎగిరొచ్చి నా ముందు పడింది. స్కూల్లో ఉన్నన్నాళ్లూ బంతి వెంటే పరిగెత్తిన దాన్ని, ఊరుకుంటానా? పుస్తకాల సంచి భుజాన ఉండగానే చెప్పుల కాలితో లేపి కొట్టాను. బంతి కంచె దాటి వెళ్లి సరిగ్గా ఒక పొట్టి ఆవిడ కాళ్ల దగ్గర పడింది. నర్సు యూనిఫాం మీద క్లబ్బు జాకెట్ వేసుకుని, జుట్టు ముడేసుకుని, నన్ను ఎగాదిగా చూసింది.

"ఏ ఊరమ్మా మనది?" అంది తెలుగులో, నా మొహం చూసే పోల్చుకున్నట్టు.

"అనంతపురం ఆంటీ."

"అనుకున్నాలే. మాది చీరాల. బూట్లు ఏ సైజు?"

అంతే. పేరు కూడా అడగలేదు. వారం తిరిగేసరికి నేను ఆ జట్టుకి అసిస్టెంట్ కోచ్‌ని. పేరు తెలిశాక కూడా ఆవిడ నన్ను 'అనంతపురం' అనే పిలిచేది. "ఏమే అనంతపురం, ఆ గోల్‌కీపర్‌కి చేతులెందుకిచ్చాడో దేవుడు, కాస్త గుర్తుచెయ్యి" అనేది. ఆదివారం చర్చిలో ఎంత నెమ్మదిగా కూర్చునేదో, మైదానంలో అంత హుషారు. మా వాళ్లు గోలు కొడితే ఆ వయసులో గంతులు వేసేది. ఓడిపోతే కళ్లెర్రజేసి కాసేపు ఎవరితోనూ మాట్లాడేది కాదు. గెలుపోటములు ఒకటే అని చెప్పే రకం కాదావిడ. అందుకే నాకు అంత నచ్చింది.

అసలు తలనొప్పి పిల్లలతో కాదు, తల్లిదండ్రులతో. మనవాళ్లు సగం మంది, ఆస్ట్రేలియా వాళ్లు సగం మంది. ఎవరూ ఎవరికీ తీసిపోరు. వాళ్లు గీత పక్కన ఫోల్డింగ్ కుర్చీల్లో కూర్చుని రెఫరీని తిట్టేవాళ్లు. మనవాళ్లు నిలబడి సొంత పిల్లల్నే తిట్టేవాళ్లు. మనవాళ్లకి ఆటైనా ఎంట్రన్స్ పరీక్షే కదా! "ఆంటీ, టీములో మా పాప ర్యాంకు ఎంత?" అని అడిగిన తల్లి ఉంది. ఒకాయన గోంగూర పచ్చడి, బొబ్బట్లు పట్టుకొచ్చి, మాటల మధ్యలో తన కొడుకుని ఫార్వర్డ్‌లో ఆడించమన్నాడు. ఆంటీ డబ్బా మూత అక్కడే తీసి, బొబ్బట్లు విరామంలో పిల్లలందరికీ నారింజ ముక్కలతో పాటు పంచేసింది. ఆ అబ్బాయిని మాత్రం డిఫెన్స్‌లోనే ఉంచింది. "పచ్చడి బాగుంది బాబూ, ఉప్పు కాస్త తగ్గించమను" అంది ఆయనతో. నేను నవ్వు ఆపుకోలేక గోలు వెనక్కి వెళ్లి నిలబడ్డాను.

ఆంటీ పద్ధతి ఒకటుండేది. గోల్‌కీపర్‌గా ఎవరూ శాశ్వతం కాదు. వారానికొకరు వంతులవారీగా నిలబడాలి. బాగా ఆడే పిల్లలకీ అంతే, ఆడలేని పిల్లలకీ అంతే. దీని మీద తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు ఎప్పుడూ కుతకుతలాడేది. అందులో ముందుండేది శ్రీనివాస్ అన్న. కరీంనగర్ వైపు మనిషి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మంచివాడే. చలికి వణికే పిల్లలకి తన జాకెట్ విప్పి ఇచ్చేసేవాడు. నేను కారు లేనిదాన్నని ప్రతి వారం తన కారులో తీసుకెళ్లి దింపేవాడు. కానీ ఆట మొదలైతే ఆయనకి పూనకం వచ్చేది. ఆయన కొడుకు రోహన్ మా జట్టులో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టేవాడు. కొడుకు ఎటు పరిగెడితే గీత పక్కన తండ్రీ అటు పరిగెత్తేవాడు. "రోహన్, టర్న్! అరే, లెఫ్ట్ కొట్టు! షూట్ జెయ్ రా!" ఇంటికి వెళ్లేటప్పుడు కారులో ఆట మొత్తం మళ్లీ జరిగేది. వెనక సీట్లో నా పక్కన కూర్చున్న రోహన్ కిటికీలోంచి బయటికి చూస్తూ "యెస్ డాడ్" అంటూ ఉండేవాడు. వాడికి తెలుగు మొత్తం అర్థమయ్యేది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే.

ఆ ఏడు మేము సెమీ ఫైనల్‌కి వచ్చాం. ఆ క్లబ్బులో ఆ వయసు జట్టు అంతదాకా రావడం ఎవరికీ గుర్తులేదట. నాకు నిద్ర పట్టేది కాదు, లైబ్రరీలో కూర్చుని అసైన్‌మెంట్ పక్కన పెట్టి ఆట వ్యూహాలు గీసుకునేదాన్ని. అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఆ శనివారం గోల్‌లో నిలబడే వంతు రోహన్‌ది!

గురువారం సాయంత్రం ప్రాక్టీసు అదనంగా పెట్టాం. అయిపోయాక తల్లిదండ్రులంతా ఆంటీని చుట్టుముట్టారు. శ్రీనివాస్ అన్న ముందున్నాడు.

"ఆంటీ, మావోడు స్ట్రైకర్. వాన్ని గోల్‌ల నిలబెడ్తే ఎట్ల? ఇది సెమీ ఫైనల్, ప్రాక్టీస్ గాదు. మీరు గిట్ల జేస్తే శనివారం మేం రాం. వచ్చే సీజన్ వేరే క్లబ్‌ల చేరుస్తం."

వెనకున్నవాళ్లు తలలూపారు. మరో నాలుగు కుటుంబాలు అదే మాట మీద ఉన్నాయని నాకు తెలుసు. వాళ్లంతా వెళ్లిపోతే జట్టే ఉండదు. ఆంటీ ప్రాక్టీసుకి గుర్తులుగా పెట్టిన ప్లాస్టిక్ కోన్లు ఏరుకుంటోంది. అందరూ కార్ల వైపు కదిలాక నేనూ అందుకున్నాను.

"ఆంటీ, ఈ ఒక్కసారికి మార్చేద్దాం. వాన్ని గోల్లో పెడితే మనకి గోల్ కొట్టేదెవురు? జట్టు ఇడిపోతే అప్పుడేం చెయ్యల్ల?"

"వాణ్ణి అడిగావా?" అంది ఆవిడ.

"ఎవర్ని?"

"రోహన్‌ని. ఇందాకట్నుంచి అందరం వాడి గురించేగా మాట్టాడతన్నాం. వాణ్ణి అడిగినోళ్లు ఒక్కళ్లన్నా ఉన్నారా?"

రోహన్ బూట్ల లేసులు విప్పుకుంటూ బెంచీ మీద ఉన్నాడు. ఆంటీ వెళ్లి పక్కన కూర్చుంది. గోల్‌లో నిలబడతావా, ముందు ఆడతావా, నీ ఇష్టం ఏమిటి అని మామూలుగా అడిగింది. వాడు తండ్రి కారు ఎక్కడుందో ఒకసారి చూసుకుని, మెల్లగా అన్నాడు.

"గోల్, కోచ్. ఇట్స్ క్వయట్ దేర్. డాడ్ డజన్ట్ నో ఎనీథింగ్ అబౌట్ గోల్‌కీపింగ్."

గోల్‌కీపింగ్ గురించి నాన్నకి ఏమీ తెలియదు, అందుకే అక్కడ ఎంతో ప్రశాంతంగా ఉంటుందట! మైదానమంతటిలో ఆ పిల్లాడు హాయిగా ఊపిరి పీల్చుకునే చోటు అదొక్కటే. ఆంటీ వాడి తల నిమిరి, "రైట్ డార్లింగ్, గోల్ ఈజ్ యువర్స్" అని లేచింది. వాడు చెప్పిన కారణం తండ్రి చెవిన వేయలేదు. నేరుగా కారు దగ్గరికి వెళ్లి కిటికీ మీద తట్టింది.

"శ్రీనివాస్, రోహన్ గోల్లోనే ఉంటాడు. వాణ్ణి అడిగాను, ఉంటానన్నాడు. నువ్వు మాత్రం తప్పకుండా రావాలి బాబూ. ఎల్లుండి మన తరఫున లైన్ మీద జెండా పట్టుకోడానికి మనిషి లేడు. ఆఫ్‌సైడ్ రూలు నీకంటే బాగా తెలిసినోళ్లు మనలో ఎవరున్నారు?"

పొగడ్తకి పడనివాళ్లు ఎవరు? ఆయన మొహం ముడుచుకునే ఉంది గానీ, శనివారం వచ్చాడు. మిగతా కుటుంబాలూ వచ్చాయి. రెఫరీ ఆయన చేతికి జెండా ఇస్తూ చెప్పాడు: జెండా పట్టుకున్నవాళ్లు ఆటగాళ్లకి సలహాలు ఇవ్వకూడదు, ఒక్క మాట కూడా అనకూడదు. శ్రీనివాస్ అన్న గిరుక్కున తిరిగి ఆంటీ వైపు చూశాడు. ఆంటీ ఎవరో పిల్ల లేసులు మహా శ్రద్ధగా కడుతోంది.

అబ్బ, ఏం ఆట అది! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. వాళ్లు ఒక గోలు కొట్టారు, విరామానికి ముందు మేము ఒకటి కొట్టాం. రోహన్ అటూ ఇటూ దూకుతున్నాడు, నేల మీద పడి లేస్తున్నాడు, ఒళ్లంతా బురద, మొహం నిండా నవ్వు. ఆ నవ్వు నేను ఆ ఏడాదిలో చూడటం అదే మొదటిసారి. రెండో సగంలో శ్రీనివాస్ అన్న జెండాతో నిలబడ్డ గీత మా వాళ్లు దాడి చేసే వైపు ఉంది. నోరు బిగించుకుని, బుగ్గలు ఎర్రబడి, జెండా గట్టిగా పట్టుకుని పరిగెడుతున్నాడు. ఇక ఆట ముగుస్తుందనగా మా జట్టు ఈథన్ దగ్గరికి బంతి వచ్చింది, ఒక్క తన్ను, గోలు! ఆంటీ నన్ను కౌగిలించుకుని ఎగిరింది. నేను అరిచిన అరుపు అనంతపురం దాకా వినిపించి ఉంటుంది.

అప్పుడు చూశాం. జెండా లేచి ఉంది.

ప్రత్యర్థి డిఫెండర్లందరినీ దాటిపోయి గోలు దగ్గర ముందే కాచుకున్నవాడికి బంతి అందిస్తే ఆ గోలు చెల్లదు, ఆఫ్‌సైడ్ అంటే అదే. ఈథన్ అలా ముందున్నాడు. రెఫరీకి కనిపించలేదు. చూసింది శ్రీనివాస్ అన్న ఒక్కడే. ఆయన జెండా దించలేదు. రెఫరీ ఆ గోలు చెల్లదన్నాడు. మా తల్లిదండ్రులు ఆయన మీద విరుచుకుపడ్డారు. "ఎవరి వైపున్నవయ్యా నువ్వు?" "ఆర్ యూ బ్లైండ్, మేట్?" ఆయన ఎదురుగా చూస్తూ అలాగే నిలబడ్డాడు.

స్కోరు సమం కావడంతో ఆట పెనాల్టీలకి వెళ్లింది. రోహన్ రెండు ఆపాడు. రెండోది ఆపినప్పుడు రెండు జట్ల వాళ్లూ చప్పట్లు కొట్టారు. కానీ మా వాళ్లు అంతకంటే ఎక్కువ పోగొట్టారు. ఓడిపోయాం. ఆంటీ నీళ్ల సీసాని ఒక్క తన్ను తన్నింది. తర్వాత వెళ్లి దాన్ని తనే తెచ్చుకుని, శ్రీనివాస్ అన్న దగ్గరికి నడిచి, అందరి ముందూ ఆయన చెయ్యి పట్టుకుని ఊపింది.

ఇంటికి వెళ్లేటప్పుడు ఈసారి కారులో ఆట మళ్లీ జరగలేదు. శ్రీనివాస్ అన్న రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. సగం దూరం వెళ్లాక వెనక నుంచి రోహన్ అడిగాడు, మొదటిసారి తెలుగులో.

"నాన్నా, నిజంగా ఆఫ్‌సైడేనా?"

"అవును బిడ్డా. ఒక్క అడుగు."

"గుడ్ కాల్, డాడ్" అన్నాడు రోహన్, జెండా ఎత్తి మంచి పనే చేశావన్నట్టు.

శ్రీనివాస్ అన్న కారు పక్కకి తీసి ఆపేశాడు. స్టీరింగ్ మీద తల ఆనించుకుని ఉండిపోయాడు. కాసేపటికి మొహం తుడుచుకుని వెనక్కి తిరిగి, "గోల్‌ల నిలబడుడు నీకు ఇష్టమా రా?" అని అడిగాడు. రోహన్ తలూపాడు. తర్వాత దారిపొడవునా వాడే మాట్లాడాడు, బంతి ఎటు వస్తుందో ఎలా కనిపెట్టాడో, చేతులు ఎక్కడ పెట్టాడో. తండ్రి వింటూ ఉన్నాడు. మధ్యలో "అట్లనా?" అంటున్నాడు. జట్టు విడిపోలేదు. మరుసటి ఏడు కూడా అంతా అక్కడే ఉన్నారు.

గ్రేస్ ఆంటీ దగ్గర నేను నేర్చుకున్నది ఫుట్‌బాల్ కంటే ఆ ఒక్క ప్రశ్నే ఎక్కువ. ఎవరి గురించి అందరూ మాట్లాడుతున్నారో, ముందు వాళ్లనే అడగాలి. ఆఫీసులో అడుగుతాను, ఇంట్లో అడుగుతాను. అన్నిటికంటే కష్టం సొంత పిల్లని అడగడం. పోయిన శనివారం మా అమ్మాయి మొదటి మ్యాచ్. దానికంటే నాకే ఎక్కువ హడావిడి, చెప్పాల్సిన సలహాలు నాలుక చివర నిలబడి ఉన్నాయి. వాటిని మింగి, "నేనెక్కడ నిలబడాలే?" అని అడిగాను. అది మైదానమంతా కలయజూసి, అవతలి చివర చెత్తబుట్ట పక్కన ఉన్న ఖాళీ చోటు చూపించింది. "దేర్, అమ్మా."

వెళ్లి అక్కడే నిలబడ్డాను. అంత దూరం నుంచి దాని చొక్కా మీద అంకె కూడా కనిపించలేదు. విజిల్ మోగింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, నిలబడ్డ చోటే గంతులు వేయడం మొదలుపెట్టాను.