కొట్టకుండా పెంచిన కుక్కపిల్ల

అరవైల చివర్లో, భోగాపురం దగ్గర సముద్రపు ఒడ్డు పల్లెకు కొత్త కోడలిగా వెళ్లాను. ఎండుచేపల కాపలాకని మా అత్త ఒక కుక్కపిల్లను తెచ్చింది. చేపతల తినిపిస్తూ, అది చెయ్యి కరిస్తే వెనక్కి తీసుకునేది, కరవకుంటే ఇచ్చేది. ఒక్క దెబ్బా వేసేది కాదు.

ఓరోజు నేను చేపలకు ఉప్పు పట్టిస్తుంటే అది నా వేలు కొరికింది. నెత్తురు కారిన చోట ఉప్పు మండి, దాని మూతి మీద ఒకటి వేశాను. చేపలు కొనడానికొచ్చిన ఆడవాళ్ల ముందే అత్త నా చెంప ఛెళ్లుమనిపించింది.

"నోరు లేనిదాన్ని కొడతావేటే? కొడితే అదేటి నేర్సుకుంటాది?" అంది.

ఆ కుక్క పెద్దదయ్యాక ఎవరినీ కరవలేదు. కొడితే నేర్చుకోరన్నది మాత్రం అబద్ధం. ఆ ఇంట్లో నోరు మూసుకుని బతకడం నేను ఆ ఒక్క దెబ్బతోనే నేర్చుకున్నాను.