ఓబుళమ్మ గారి ఈత పీరియడు

మొన్న గుత్తి రోడ్డులో స్కూటరుకు గాలి పట్టించుకుంటుంటే, పంక్చరు అంగడి ముందు ఎండలో పడేసిన లారీ ట్యూబుల వాసన ముక్కుకు తగిలింది. వేడెక్కిన రబ్బరు, దాని మీద ఆరిపోతున్న నీళ్ళు, కొంచెం బురద. ఆ వాసనకు నాకు మా హెడ్మిస్ట్రెస్ ఓబుళమ్మ గారు గుర్తుకొస్తారు. చీర గోచీ పోసి కట్టి, దిగుడుబావి మెట్ల మీద మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, నా మీద అరుస్తున్న ఓబుళమ్మ గారు.

తొంభైల చివర నేను పామిడికి కొంత దూరంలో ఉన్న ఒక ఊరి హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిని. ఆమె పక్క పల్లెలో మెట్టసేద్యం చేసే ఇంట పుట్టి, జీవశాస్త్రం చెబుతూ ఆ కుర్చీకి వచ్చిన మనిషి. నాది మొదటి నుంచీ పద్ధతి ప్రకారం పోయే స్వభావం. ఏ రోజుది ఆ రోజు డైరీలో రాసుకోకపోతే తోచదు. ఆ ఏడు ఆరు నుంచి పదో తరగతి దాకా ఆటలకూ ఆరోగ్యానికీ తరగతివారీ ప్రణాళిక తయారు చేయమని మండలంలోని బడులన్నిటికీ చెప్పారు. చాలా బడులు పాత కాగితానికే తేదీ మార్చి పంపాయి. నేను కూర్చుని చేశాను. ఆరుకు పరుగు, ఖోఖో, గోళ్ళూ పళ్ళూ శుభ్రం. ఏడుకు కబడ్డీ, తాగేనీటి సంగతి. ఎనిమిదికి వాలీబాల్, ప్రథమ చికిత్స. ఒక ఏడు నేర్చుకున్నది తర్వాతి ఏటికి పనికొచ్చేలా పదో తరగతి దాకా అల్లుకుంటూ పోయాను. ఆమె కళ్ళజోడు సర్దుకుని అంతా చదివారు.

"బాగుండాదప్పా నారాయణప్పా. ఈత యాడుండాది?"

నవ్వొచ్చింది. "మేడం, తాగేకే ట్యాంకరొస్తాండాది మన ఊరికి. ఈత యాడ నేర్పాల?"

"మీ నాయనకు వస్తాదా ఈత?"

"వస్తాది. బావుల్లోనే పెరిగినాడు."

"నీకు?"

రాదన్నట్టు తల అడ్డంగా ఊపాను.

"చూడు మరి. మీ నాయన కాలానికి బావుల్లో నీళ్ళుండె. నీ కాలానికి ఎండిపాయె. ఈ పిల్లోళ్ళు నీళ్ళను బిందెలో తప్ప చూడల్యా. ఇప్పుడేమో ఊరి సుట్టూ కుంటలు తవ్వుతాండారు. వానొచ్చి అవి నిండినరోజు వీళ్ళు యాడికి పోతారు? ఆడికే పోతారు."

కరువు పనుల కింద ఊరి చుట్టూ ఊటకుంటలు తవ్వుతున్న మాట నిజం. మా పిల్లల తల్లిదండ్రులే తవ్వుతున్నారు. రోజూ ఆ గట్ల పక్కనే బడికి వచ్చేవాణ్ణి. ఒక్కనాడూ నాకీ ఆలోచన రాలేదు. ఎనిమిదో తరగతి గడిలో ఈత అని రాశాను.

మండల సమావేశంలో ఆ గడి చదవగానే గదంతా నవ్వింది. "ఏమక్కా, పెన్నలో ఇసక మీద ఈదిపిస్తావా?" అన్నాడు ఒక హెడ్మాస్టరు. "నువ్వు ముందు దూకన్నా, నీ యెనకాలే వస్తాము" అన్నారామె. చివరికి ఆ గడి పక్కన "వీలును బట్టి" అని రాయించి ఒప్పుకున్నారు. బయటికొచ్చాక ఆమె చెప్పులు వేసుకుంటూ, "వీలు మనం చూసుకుందాం పా" అన్నారు.

ఊర్లో ఇంకా నీళ్ళున్న దిగుడుబావి తిమ్మారెడ్డి గారిదొక్కటే. ఇద్దరం వెళ్ళి అడిగాం.

"దిగితే నా నీళ్ళేం తక్కువ కావు టీచరమ్మా. ఎవురన్నా మునిగితే జవాబెవురిది?"

"నాది."

"అందురు పిల్లోళ్ళూనా?"

ఆయన ఏ వాడ పిల్లల గురించి అడుగుతున్నాడో ముగ్గురికీ తెలుసు.

"హాజరుపట్టీలో పేరుండేవాళ్ళందురూ" అన్నారు ఓబుళమ్మ గారు. రెడ్డిగారి మనవడి పేరు కూడా ఆ పట్టీలోనే ఉంది. ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తర్వాత నా వైపు చెయ్యి చూపించాడు.

"ఈ డ్రిల్లయ్యవారు ముందు దిగాల. ఆయప్ప మునగకపోతే పిల్లోళ్ళను దింపండి."

ఆమె నా వైపు తిరిగారు. "అయితే నువ్వే ఆరో తరగతి, నారాయణప్పా."

నలభై దాటిన వయసులో, చంకల కింద లారీ ట్యూబుతో బావిలో దిగాను. మెట్ల మీద ఎనిమిదో తరగతి మొత్తం కూర్చుంది. చిన్నప్పుడే తన పల్లె బావిలో ఈత నేర్చిన ఓబుళమ్మ గారు, ముఖం నీళ్ళలో పెట్టి గాలి వదలమన్నారు. నీళ్ళు ముక్కులోకి పోయాయి. "ఊపిరి సార్, ఊపిరి ఇడువు!" అని రోజూ నేను వాళ్ళకు చెప్పే మాటే నాకు చెప్పారు పిల్లలు. "మా బర్రె ఇంతకన్నా బాగ ఈదుతాది" అన్నదొక పిల్ల. "దానికి డిప్లొమా ల్యాదు గదమ్మా, బరువు తక్కువ" అన్నారు ఓబుళమ్మ గారు. బావి బావంతా నవ్వు. నేనూ నవ్వబోయి ఇంకో గుక్క మింగాను. కొన్ని వారాలకు ట్యూబు లేకుండా ఆ దరి నుంచి ఈ దరికి వచ్చాను. రెడ్డిగారు గట్టు మీద నుంచే చూసి తల ఊపి వెళ్ళిపోయాడు.

ప్రణాళికను ఆ బావిలోనే తిరగరాశాం. నీళ్ళలో నేర్చుకునేవాడికి ఎక్కడ గుండె జారుతుందో అప్పటికి నాకు బాగా తెలిసింది. ఆరో తరగతి మొదటి మెట్టు దాటకూడదు. ముఖం ముంచి ఊపిరి వదలడం, అంతే. ఏడుకు ట్యూబుతో కాళ్ళు. ఎనిమిదికి చేతులు. చెవిలో చీము, గజ్జి, కళ్ళకలక పాఠాలు తడి తలలతో గట్టు మీదే. ఆడపిల్లలను ఆమే వేరే పూట దింపేవారు. తొమ్మిదో తరగతివాళ్ళు మాత్రం నీళ్ళలోకి దిగకూడదు. గట్టు మీద నిలబడి, మునుగుతున్నవాడికి పంచె విసిరి లాగడం నేర్చుకోవాలి. పదో తరగతివాళ్ళు ఆరో తరగతివాళ్ళకు నేర్పాలి.

"ఈతొచ్చినోళ్ళు దూకితే ఏమి మేడం?" అని అడిగాను.

"మునిగేవాడు గొంతు పట్టుకుంటాడప్పా. రెండు పీనుగులు లేస్తాయి. పంచె ఇసరమను."

రెండు వేసవులు సాగింది. మూడో ఏడు పక్క చేలో బోరు పడింది, బావి అడుగు తేలింది. నేను ఈత గడి కొట్టేయబోతే ఆమె పెన్ను లాక్కున్నారు. పిల్లలు బల్లల మీద బోర్లా పడుకుని కాళ్ళూ చేతులూ ఆడించారు. బొక్కెనలో ముఖాలు ముంచారు. ఆటస్థలంలో ఒకరికొకరు పంచెలు విసురుకున్నారు. దారిన పోయేవాళ్ళు ఆగి నవ్వేవారు. ఆ ఏడే ఆమె రిటైరై ఆ ఊర్లోనే ఉండిపోయారు. ఆ బల్లల ఈత, బొక్కెన ఈత నేను ఆపలేదు.

మరుసటి ఏడు ఒక్క రాత్రి వానకు, ఆ తవ్విన ఊటకుంటల్లో పెద్దది నిండింది. తెల్లారి బడికి సగం మంది రాలేదు. నేను కుంట వైపు పరుగెత్తాను. గట్టెక్కి చూస్తే, అంచున ఆరో తరగతివాళ్ళు వరసగా కూర్చుని ముఖాలు ముంచి బుడగలు వదులుతున్నారు. నడుం లోతుకు పోబోతున్న ఒక పిల్లవాణ్ణి పదో తరగతి అమ్మాయి చెవి పట్టుకుని ఈడ్చుకొస్తోంది. "ట్యూబు ల్యాకుండా నీకేం పనిరా ఆడ? నీది ఏడో తరగతి!" గట్టు మీద తొమ్మిదో తరగతివాడొకడు పంచె కొస చేతికి చుట్టుకుని నిలబడి ఉన్నాడు. అందరూ నీళ్ళలో ఉన్నారు, తనొక్కడే ఎండలో ఉన్నానని గొణుగుతున్నాడు.

కాసేపటికి ఓబుళమ్మ గారు రొప్పుకుంటూ వచ్చారు.

"అందురూ ఉండారా?"

"ఉండారు మేడం. ఎంచినాను."

ఆమె ఆ తడి మట్టిలోనే చతికిలబడ్డారు. తర్వాత, "ఆ పంచె పట్టుకున్నోణ్ణి ఒగసారి మునగనియ్యప్పా, నేను నిలబడతా" అని లేచి, వాడి చేతిలోంచి పంచె తీసుకున్నారు.

ఆమె పోయి కొన్నేళ్ళయింది. నేనూ రిటైరయ్యాను. ఇప్పటికీ ఏ ఊరికి వెళ్ళినా, ఎండిపోయిన గుంత కనిపిస్తే గట్టెక్కి చూస్తాను. లోతెంత, వాలు ఎటు, అంచున పిల్లల కాలు ఎక్కడ జారుతుంది అని. తోడు వచ్చినవాళ్ళు విసుక్కుంటారు. కిందికి దిగాక, ఆ ఊరి బడి ఎక్కడుందో అడుగుతాను.