లైబ్రరీ వెనక మంటలు

మా బావగారి ముక్కుకు లోకమంతా ఎప్పుడూ తగలబడిపోతూనే ఉంటుంది. ఆయన ఫైరింజను డ్రైవరు కాబట్టి డ్యూటీలో ఉన్నంతసేపూ సరే అనుకోవచ్చు. కానీ ఆ ముక్కు ఏనాడూ డ్యూటీ దిగదు.

మా అక్కతో పెళ్ళయిన కొత్తలో మా ఇంటికి భోజనానికొచ్చి, ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయారు.

“పొగ వాసన!”

“పొయ్యిలన్నీ ఆర్పేశాం బావగారూ,” అన్నాను.

“అయితే పక్కింట్లో!” అంటూ చెయ్యైనా కడుక్కోకుండా పరుగు. పక్కింటాయన తీరుబడిగా స్నానం చేస్తున్నాడు. తలుపు దబదబా బాదేసరికి తువ్వాలు చుట్టుకుని వీధిలోకొచ్చిపడ్డాడు. ఇప్పటికీ మాతో మాట్లాడడు.

ఇక సినిమాలా? ఇంటర్వెల్ లోపే హాలు ఖాళీ చేయించేవారు. “ఏమండీ, ఈసారైనా క్లైమాక్సు చూద్దామండీ,” అని అక్క బతిమాలేది. పాపం, పెళ్ళయ్యాక దానికి ఏ కథ ఎలా ముగుస్తుందో తెలియదు.

ఇదంతా నవ్వుకుని ఊరుకున్నాం. కానీ ఈ వేసవిలో ఆ ముక్కు వచ్చి నేను పనిచేసే లైబ్రరీ మీద పడింది. ఎండలు ఏడాదికేడాది ముదురుతున్నాయి, ఈసారి మరీ నిప్పులు చెరుగుతున్నాయి. పాఠకులు పత్రికల మీద తలలు వాల్చి కునుకు తీసే మధ్యాహ్నం వేళకి కుయ్యోమంటూ ఫైరింజను! “లైబ్రరీ వెనక పొగ!” వెనకున్నవి పెద్ద పెద్ద చెట్లు, వాటినిండా తలకిందులుగా గబ్బిలాలు. పొగా లేదు, బూడిదా లేదు. అయినా ఆయన చెట్లని శుభ్రంగా తడిపి, “గండం గడిచింది” అని వెళ్ళిపోయేవారు. మర్నాడు మళ్ళీ గండం.

“బావగారూ, నా పరువు తీస్తున్నారు!”

“తడిస్తే పరువు పోదులే అమ్మాయ్.”

చివరికి ఎవరో ఫిర్యాదు చేశారు. ఫైర్ ఆఫీసరుగారు ఆయన్ని పిలిచి, “ఇంకొక్క ఉత్తుత్తి పొగ వాసన వచ్చిందా, స్టీరింగు వదిలేసి స్టోర్సులో కూర్చుంటావు,” అన్నారట. అక్క లబోదిబోమంది. ఆ బండంటే బావగారికి ప్రాణం మరి.

మర్నాడు ఎండ దారుణం. సైరన్ మాత్రం లేదు. హమ్మయ్య అనుకుంటూ కిటికీలోంచి చూద్దును కదా, బావగారే! సెలవు పెట్టి, సైకిలు మీద బకెట్టూ నీళ్ళు చిమ్మే చేతిపంపూ తెచ్చుకుని చెట్ల కింద చెమటలు కక్కుతున్నారు. ఆ నీళ్ళు కింది కొమ్మని కూడా అందుకోవటం లేదు. పైన గబ్బిలాలు రెక్కలతో విసురుకుంటూ, నోళ్ళు తెరిచి రొప్పుతున్నాయి. నేను చూస్తుండగానే ఒకటి టప్పున రాలిపడింది. గబగబా బయటికెళ్ళాను.

“ఈ ఎండకి ఇవి తట్టుకోలేవమ్మా,” అన్నారు బావగారు. “పోయినేడాది చచ్చినవాటిని బుట్టలకొద్దీ ఎత్తిపోశాం. ఇప్పుడన్నీ పిల్లతల్లులు. ఇవి పోతే అడవిలో విత్తనాలు మోసేదెవరు? మంట ఉందని చెబితే తప్ప బండి స్టేషన్ గేటు దాటదు. నన్నేం చెయ్యమంటావ్?”

లోపలికి పరిగెత్తి స్టేషన్‌కి ఫోన్ చేశాను. “లైబ్రరీ వెనక ప్రాణాలు పోతున్నాయి, రండి!”

ఫైరింజనులో ఆఫీసరుగారే వచ్చారు. బావగారిని చూడగానే ముఖం కందగడ్డయింది.

“మంటెక్కడ?”

బావగారు నోరు విప్పేలోపు నేను పైకి చూపించాను. “అదిగో సార్, సూర్యుడు. దాన్ని ఆర్పమనటం లేదు. కింద కాలిపోతున్నవాటినైనా చూడండి.”

అంతలో ఒక తల్లి గబ్బిలం, రొమ్ముకి పిల్ల కరుచుకునుండగానే, ఆఫీసరుగారి బూట్ల ముందు పడింది. బావగారు మందపాటి గ్లౌజులతో ఎత్తి నీళ్ళు చిలకరించారు. అది మెల్లగా నాలుక చాపి నాకింది. పిల్ల కిచకిచమంది.

ఆఫీసరుగారు వంగి ఆ పిల్లని చూసి, బావగారివైపు తిరిగారు.

“ఏమయ్యా, మనం రోజూ పంపు పరీక్ష చెయ్యాలి కదా?”

“చెయ్యాలి సార్. స్టేషన్ గోడ మీద చేస్తున్నాం.”

“గోడకేం దాహమా? రేపట్నుంచి మధ్యాహ్నం పూట ఇక్కడే చెయ్యి. దీనికి అబద్ధాలెందుకు?”

ఇంత సులువైన సంగతి తట్టనందుకు బావగారు నోరెళ్ళబెట్టారు. మరుక్షణం బండెక్కి పైపు అందుకున్నారు. చెట్లమీద సన్నటి తుంపర కురిసింది. గబ్బిలాలు ఒళ్ళు నాక్కుంటూ ఒక్కొక్కటే నెమ్మదించాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. నిద్ర లేచిన పాఠకులంతా వచ్చి తుంపర కింద చేరారు. ఆఫీసరుగారు కూడా టోపీ తీసి, కళ్ళు మూసుకుని హాయిగా నిలబడ్డారు.

“సార్, కాస్త పక్కకి జరగండి,” అని పైనుంచి కేకేశారు బావగారు. “ముందు పిల్లతల్లులు!”

ఆఫీసరుగారు బుద్ధిగా పక్కకి జరిగారు.