కరెంటు పోని ఇల్లు

కోమల ఇంట్లో కరెంటు పోదు. బొగ్గు బావుల క్వార్టర్లలోనే పుట్టి, అక్కడే బావిలో పనిచేసే కుమారస్వామిని పెళ్లాడిన ఆమెకు అందులో వింతేముందో ఎన్నడూ తట్టలేదు. హీటర్ మీద అన్నం, హీటర్ మీద కూర, నీళ్లకు ఇంకో హీటర్. బిల్లు భయం లేని ఆ కాలనీలో స్విచ్చి ఆపే అలవాటు ఎవరికీ లేదు. ఆమె ల్యాప్‌టాప్ కూడా కిటికీ పక్క బల్ల మీద, గోడ ప్లగ్గుకు తగిలించిన వైరుతో, గుంజకు కట్టేసిన బర్రెలా ఏడాది పొడుగునా అక్కడే ఉండేది. కాలనీవాళ్ల పింఛను దరఖాస్తులు, పిల్లల హాల్‌టికెట్లు దాని మీదే తీసేది. గని తవ్వి పోసిన మట్టిగుట్టల అవతలి పల్లెవాళ్లకు మాత్రం ఊరికే చేసిపెట్టేది. ఆ పల్లె ఆడవాళ్లు “మా కోమల” అంటుంటే లోపల ఎంత పొంగిపోయేదో ఆమెకే తెలుసు.

ఆ పల్లె ఓపెన్‌కాస్ట్ గనిని ఆనుకుని ఉంది. బ్లాస్టింగ్ జరిగినప్పుడల్లా గోడలు పగిలేవి, అటక మీది గిన్నెలు కింద పడేవి. ఆడవాళ్లు ఫోన్లలో వీడియోలు తీశారు. ఫోన్లు నిండిపోయాయంటే కోమల ఆ వీడియోలన్నిటినీ తన ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకుని, ఫోన్లలోంచి తానే తుడిచేసింది. నష్టం చూడ్డానికి సర్వే సారు వస్తున్నాడని తెలిసిన రోజు ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కింది.

పల్లె అంగన్‌వాడీ గదిలో, సారు, ఊరి ఆడవాళ్లు చూస్తుండగా వైరు పెట్టి వీడియో మొదలుపెట్టింది. తెర మీద లస్మవ్వ ఇంటి గోడ కదిలింది. పైనుంచి మట్టి రాలుతోంది. అంతలో ఫ్యాన్ ఆగింది, తెర నల్లబడింది.

“పోయింది తియ్. బ్లాస్టింగ్ టైముకు రోజు పోయేదే,” అంది పోశవ్వ.

“ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంటది కదమ్మా?” అన్నాడు సారు.

కోమల బటన్ నొక్కింది. వైరు ఊడదీసి మళ్లీ పెట్టింది. తలకిందులు చేసి తట్టింది. చేతులు ఏదో వెతుకుతున్నాయి గానీ, ఎందుకు ఆగిందో ఆమెకు అప్పటికే గుర్తొచ్చేసింది.

పోయిన ఎండాకాలంలో టచ్‌ప్యాడ్ పైకి లేచిందని చౌరస్తాలోని షరీఫ్ దుకాణానికి తీసుకుపోయింది. అతను అడుగు మూత విప్పి, “చూడు కోమలక్కా, బ్యాటరీ పూరీ లెక్క పొంగింది. ఎప్పుడు వైరు పెట్టే ఉంచితె గిట్లనే ఐతది. ఉంచితె అంటుకుంటది. కొత్తది తెప్పియ్యాల్నా?” అన్నాడు.

“ఎందుకు భాయ్? తీసి పారెయ్. మా క్వార్టర్ల కరెంటెన్నడు పోతది?” అని నవ్వింది తనే.

“బయటికి తీస్కపోతె నడువది మల్ల, యాదికుంచుకో.”

యాదికుంచుకోలేదు. ఇప్పుడు గదిలోని వాళ్లందరూ ఆమె మొహమే చూస్తున్నారు.

“అయితే ఆధారాలు చూపలేదని రాసుకోవాల్నా?” అన్నాడు సారు.

“చౌరస్తల షరీఫ్ అని రిపేరాయన సార్... మంచి బ్యాటరీ గుంజుకొని కరాబుది ఏసినట్టుంది.”

ఆ మాట అంత సులువుగా ఎలా వచ్చిందో! ఆ పేరు విన్నాక రుజువేమిటని ఒక్కరూ అడగలేదు. “గా సాయెబులు గంతే,” అని పోశవ్వ అందుకుంటే కోమల కాదనలేదు. సోమవారం ఆఫీసుకు తీసుకురమ్మని సారు లేచి వెళ్లాడు.

మర్నాడు పొద్దున్నే, ఎవరికీ తెలియకుండా కొత్త బ్యాటరీ వేయించుకుందామని చౌరస్తాకు వచ్చింది కోమల. దుకాణం ముందు లస్మవ్వ గొంతు వినిపించింది.

“గరీబోళ్ల నోట్ల మన్ను కొడ్తివి గదరా! మా కోమల అమాయకురాలని బ్యాటరీ మింగినవా?”

లోపల ఒకాయన తన ల్యాప్‌టాప్ సంచిలో సర్దుకుంటూ, “నాది మల్ల సూద్దాం తియ్ భాయ్,” అంటున్నాడు.

షరీఫ్ కోమలను చూసి తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. “అగో, అక్క వచ్చింది. ఆమెనే అడుగుండ్రి.”

ఆమె నిజమే చెబుతుందని అతని నమ్మకం. కోమల లస్మవ్వ వైపు తిరిగింది.

“పోనీ తియ్ లస్మవ్వా. లొల్లి చెయ్యకు. అయిందేదో అయింది,” అంది.

“అక్క మంచిది గాబట్టి ఇడిసిపెడుతుంది,” అన్నాడు సంచి ఆయన జిప్పు లాగుతూ.

షరీఫ్ తల దించుకుని, బల్ల మీది మరలు ఒక్కొక్కటే డబ్బీలో వేయసాగాడు. చేయని దొంగతనానికి తాను అతణ్ణి క్షమించేసిందని అప్పటికి అర్థమైంది కోమలకు. నిన్నటి అబద్ధం కన్నా ఇది నీచంగా తోచింది.

“ఆగన్నా, తీస్కపోకు,” అంది సంచి ఆయనతో. “ఈయన ఏం జెయ్యలే. బ్యాటరీ తీసెయ్యుమన్నది నేనే. బయట నడువదని చెప్పిండు గూడ. నేనే అబద్ధమాడిన.”

లస్మవ్వ ఆమెను కిందికీ మీదికీ చూసింది. “మరి నిన్న గట్లెందుకంటివి?”

“సిగ్గయింది.”

“నీకు సిగ్గయితె గీయన పేరు చెప్తవా? ఇన్నొద్దుల సంది వస్తున్నవ్, మా ఊర్ల కరెంటుండదని తెల్వదా బిడ్డా?”

తెలియదు. పొద్దున వచ్చి, బ్లాస్టింగ్‌కు ముందే ఇల్లు చేరుకునేది. ఆ పల్లె గోడలు పగలగొట్టి తవ్విన బొగ్గు ఇచ్చే కరెంటుతోనే తన హీటర్లు ఎర్రగా మండుతున్నాయని ఇన్నాళ్లూ ఆలోచించలేదు. సేవ చేస్తున్నాననుకుంది.

“మాఫ్ చెయ్ భాయ్.”

“ఈడ అన్నవు, సరే,” అన్నాడు షరీఫ్. “నిన్న ఆడ ఎందరి ముంగట అన్నవక్కా?” ఆమె జవాబు కోసం ఆగకుండా ల్యాప్‌టాప్ అందుకున్నాడు. “బ్యాటరీ సోమారంలోపు పెడ్త. అది నా పని.”

లస్మవ్వ ఆమెను ఆటో ఎక్కించి నేరుగా పల్లెకు తీసుకుపోయింది. మొదటి ఇల్లు పోశవ్వది. కోమల గడప బయటే నిలబడి జరిగిందంతా చెప్పింది.

పోశవ్వ చాట కింద పెట్టింది. “అబద్ధమైతె అయిందిలే. గాళ్లు మాత్రం గట్లనే ఉంటరు.”

లస్మవ్వ కోమల వైపు చూసింది. ఆ మాట పోశవ్వ నోట నిన్నటికి ముందు కూడా ఉండేదేమో. దానికి సాక్ష్యం తెచ్చి ఇచ్చింది మాత్రం తానే. కోమల గడప మీద కూర్చుంది.

“గాళ్లు కాదు పోశవ్వా, నేను,” అని మళ్లీ మొదటినుంచి చెప్పసాగింది.