మీ కాలేజీలోనే చేరతాను

కౌలాలంపూర్‌కి ఉత్తరాన ఉన్న జార్జ్ టౌన్‌లో ఒక ప్రైవేటు మెడికల్ కాలేజీ అడ్మిషన్ ఆఫీసులో ఆరేళ్లు గుమాస్తాగా చేశాను. సీటు అందనివాళ్లకు "మీరు వెయిటింగ్ లిస్టులో ఉన్నారు" అని మెయిల్ పంపడం నా పనుల్లో ఒకటి. పంపిన మర్నాటి నుంచీ ఉత్తరాలు మొదలయ్యేవి. లెటర్ ఆఫ్ ఇంటెంట్ అంటారు వాటిని. సీటిస్తే ఇంకెక్కడికీ పోను, మీ దగ్గరే చేరతాను అని మాట ఇవ్వడమన్నమాట. చదివితే అచ్చం ప్రేమలేఖలే. ఒకతను చిన్నప్పటి నుంచీ మా భవనం చూసి కలలు కన్నానని రాశాడు. మొన్నమొన్నటి దాకా అది సోఫాలమ్మే కొట్టు. ఏ సోఫా మీద పడుకుని కన్నాడో మరి!

అన్నీ ప్రింటు తీసి ఒక ఫైల్లో పెట్టేదాన్ని. దాన్ని ఎవరైనా తెరవగా నేను చూడలేదు. డీన్ గారు టీ కప్పు పెట్టుకోవడానికి మాత్రం బాగా పనికొచ్చేది.

ఒక ఏడాది మా అక్క బాగన్ దాతుక్ ఊరి నుంచి ఫోన్ చేసింది. అక్క కూతురు మా వెయిటింగ్ లిస్టులో తొమ్మిదోది.

"ఏటే, ఉత్తరం రాస్తే సీటొస్తాదా?"

"రాదక్కా. ఫైల్లో పెడతాం, అంతే."

"అయితే అందరికన్నా పైన పెట్టు. నువ్వక్కడే ఉన్నావు గదా."

"పైన పెడితే టీ మరకలవుతాయి."

"అయితే అవనీ లా. పెట్టు!" మాట చివర 'లా' తగిలించడం ఇక్కడివాళ్ల అలవాటు.

అక్క కూతురు చిత్తు ప్రతి పంపింది. రెండు పేజీలు. అందులో 'మానవసేవ' ఆరుసార్లుంది. ఫోన్ చేశాను. ఆ పిల్లకు తెలుగు అర్థమవుతుంది గానీ నోరు తిరగదు. మలయ్, తమిళం, ఇంగ్లీషు కలిపి కొడుతుంది. ఇక్కడ తెలుగులో చెబుతున్నది నేనే.

"ఈ సేవ ఎవరికి చేశావే నువ్వు?"

"ఎవరికీ చెయ్యలేదు పిన్నీ. నాన్నమ్మ కాలి పుండుకి కట్టు కట్టాను, అంతే."

"ఎన్నాళ్లు?"

"ఏడాది. రోజూ పొద్దున్న స్కూలుకి పోయే ముందు. వాసనొచ్చేది. అదేం రాస్తాం?"

అదే రాయమన్నాను. మొదటి రోజు వాంతి చేసుకున్న సంగతి కూడా రాయమన్నాను. మొత్తం ఏడు వాక్యాలు. చివరిది: సీటిస్తే మీ కాలేజీలోనే చేరతాను. బాగా కుదిరిందని నాకే ముచ్చటేసింది.

తరగతులు ఇంకో వారంలో మొదలవుతాయనగా ఒక సీటు ఖాళీ అయింది. డీన్ గారు చేతిలో కరిపాప్, అదే కూర పెట్టిన కజ్జికాయ, పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చారు.

"పదిమందికి ఫోన్లు చేసే ఓపిక లేదు. తప్పకుండా వచ్చేదెవరు?"

నేను ఫైలు ముందుకు తోశాను. ఆయన అన్నిటికన్నా పైనున్న ఉత్తరం నిలబడే చదివారు. కాలి పుండు దగ్గర కరిపాప్ నమలడం ఆపి, ఆ కాగితం రెండోసారి చదివారు.

"ఈ అమ్మాయిని పిలవండి."

"సార్, మా అక్క కూతురు."

"అయితే మీకే తెలియాలి. వస్తుందా?"

"ఖాయంగా వస్తుంది సార్."

వెంటనే ఫోన్ చేశాను.

"పిన్నీ... కౌలాలంపూర్‌లో సీటొచ్చింది. నిన్ననే ఒప్పుకున్నాను."

"అక్కడికీ రాశావా?"

"మూడు కాలేజీలకి రాశాను. పేరు మార్చి అదే లెటర్. వాళ్లకి కూడా నాన్నమ్మ కాలు నచ్చింది లా."

తిట్టాలనుకున్నాను. నవ్వొచ్చేసింది. ఫోన్ పెట్టేశాక మాత్రం నవ్వు రాలేదు. డీన్ గారు ఎదురుగానే ఉన్నారు.

"ఖాయంగా అన్నారు?"

"రాయించింది నేనే సార్," అన్నాను.

ఆయన మిగిలిన కరిపాప్ నోట్లో వేసుకుని, తాపీగా నమిలి, "ఇక లిస్టులో మొదటి పేరు పిలవండి. ముందే చెయ్యాల్సింది," అన్నారు.

మొదటి పేరు సుంగై సిపుట్ ఊరి అమ్మాయిది. ఆమె నుంచి ఒక్క ఉత్తరం కూడా లేదు. ఫోన్ చేస్తే నిజమేనా అని మూడుసార్లు అడిగింది. మర్నాడు నేను ఆఫీసు తాళం తీసేసరికే తండ్రి మోటార్‌సైకిల్ మీద వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. సర్టిఫికెట్లు తడవకుండా ప్లాస్టిక్ సంచీలో చుట్టి తెచ్చింది.

ఉండబట్టలేక అడిగాను. "అందరూ ఉత్తరాలు రాశారు. నువ్వెందుకు రాయలేదమ్మా?"

ఆమె బిత్తరపోయి ఫోన్ తీసి నేను పంపిన మెయిల్ చూపించింది. కింద చిన్న అక్షరాల్లో ఉంది: దయచేసి అదనపు పత్రాలేవీ పంపవద్దు. ఆరేళ్లుగా ఆ మెయిల్ పంపుతున్నాను. ఆ వాక్యం చదవడం అదే మొదటిసారి.

"ఇప్పుడు రాసిమ్మంటారా ఆంటీ?" అని భయంభయంగా అడిగింది.

"వద్దు తల్లీ," అని పెన్ను ఇచ్చాను. "ఇక్కడ సంతకం పెట్టు."