నడిమధ్య కుర్చీ

ఆయన వృత్తి పళ్ళు. పుట్టుకతో వచ్చినవి ఊడిపోయాక మనుషులు పెట్టుకునే పళ్ళ సెట్లు ఆయన చేస్తాడు. డాక్టరు కాదు. డాక్టరుగారి క్లినిక్ వెనక గదిలో, ఉన్న ఒక్క కిటికీ పక్కన, ప్లాస్టర్ దుమ్ములో కూర్చుని, ఎవరెవరివో దవడల అచ్చులు ముందేసుకుని మైనం చెక్కే మనిషి. ముందు గదిలో డాక్టరు నవ్వుతూ నోళ్ళు తెరిపిస్తుంటే, వెనక గదిలో ఈయన ఆ నోళ్ళకి సరిపడా నవ్వులు తయారుచేస్తుంటాడు. వీధిలో అందరూ పళ్ళాయన అంటారు. భార్య మాత్రం ఏమండీ అంటుంది. ఆ ఏమండీలో ఎన్ని రకాలున్నాయో ఆయనొక్కరికే తెలుసు.

పళ్ళాయనకి తన చెవి అంటే మహా గర్వం. కొత్త సెట్టు పెట్టుకున్న మనిషి "సీసాలో సున్నం" అన్నాడంటే చాలు, పై వరస వెంట్రుకవాసి ముందుకొచ్చిందో వెనక్కి పోయిందో చూడకుండానే చెప్పేస్తాడు. ఈల వస్తే ఒక జబ్బు, తుస్సుమంటే ఇంకో జబ్బు. డాక్టరు అద్దం పెట్టి వెతికేదాన్ని ఈయన గోడ అవతలి నుంచి విని పట్టుకుంటాడు. ఇందులో గొప్పలేమీ లేవు, నిజమే. చిక్కల్లా ఎక్కడొచ్చిందంటే, పళ్ళ ఈలలు పట్టే చెవికి ప్రపంచంలో శబ్దాలన్నిటి మీదా పెత్తనం ఉందని ఆయన తీర్మానించుకున్నాడు.

నాలుగేళ్ళ కిందట సెట్టు సరిచేయడానికి ఓ పెద్దాయన ఇంటికి వెళ్ళాడు. ఆ ఇంటి హాల్లో మనిషెత్తు స్పీకర్లు రెండున్నాయి. పాట పెట్టి ఉంది. పాడే ఆవిడ రెండు స్పీకర్లకీ మధ్యన, గోడకి ఓ అడుగు ముందు, గాల్లో నిలబడి పాడుతున్నట్టు వినిపించింది. అక్కడెవరూ లేరు. పళ్ళాయన లేచి స్పీకర్ల వెనక కూడా చూశాడు. ఆ మైకంలో వచ్చిన పని మర్చిపోయి, పెద్దాయన పళ్ళు జేబులో వేసుకుని ఇంటికొచ్చేశాడు. పాపం ఆ పెద్దాయన మూడు రోజులు మెత్తటివి తిని బతికాడు.

అలాంటివి కొనే తాహతు లేదు కాబట్టి తనే కట్టుకుంటానన్నాడు. దవడలే కడుతున్నవాడికి డబ్బాలొక లెక్కా అన్నాడు. ప్లైవుడ్ తెచ్చాడు. లావు శబ్దానికి వూఫర్లు, సన్న శబ్దానికి ట్వీటర్లు తెచ్చాడు. పళ్ళు అరగదీసే మోటారుతోనే గుండ్రటి కంతలు కోశాడు. కీళ్ళలో గాలి పోకుండా పళ్ళ మైనం కరిగించి పోశాడు. డబ్బా అదరకుండా లోపలి గోడలకి దవడల ప్లాస్టర్ మెత్తాడు. పూర్తయ్యేసరికి ఒక్కో బాక్సు ఇద్దరు పట్టుకుంటేగానీ కదల్లేదు.

ఇక కుర్చీ. రెండు బాక్సులకీ సరిగ్గా సమాన దూరంలో, గది నడిమధ్యన ఓ చెక్క కుర్చీ వేశాడు. అది జరక్కుండా నాలుగు కాళ్ళ చుట్టూ నేల మీద టేపు అంటించాడు. ఆ కుర్చీలో ఆయన తప్ప వేరే పురుగు కూర్చోకూడదు. కూర్చుంటే ఒత్తిడికి కాళ్ళు పక్కకి జరుగుతాయట. సాయంత్రం క్లినిక్ నుంచి రావడం, కాళ్ళు కడుక్కోవడం, కుర్చీలో నిటారుగా కూర్చుని కళ్ళు మూసుకోవడం, రెండు నిమిషాలకి మొహం మాడ్చుకోవడం. నాలుగేళ్ళుగా ఇదే వరస.

ఎందుకంటే పాట బాగాలేదు. డోలు మోత ఉండాల్సిన చోట అట్టపెట్టె మీద వేలితో కొట్టినట్టుంది. పాడే ఆవిడ గాల్లో నిలబడలేదు సరికదా, గొంతు గదంతా అలికినట్టు పరుచుకుంది. విచిత్రం ఏమిటంటే ఒక బాక్సు ఆపేసి రెండోదొక్కటే పెడితే బ్రహ్మాండంగా ఉండేది. దాన్ని ఆపి మొదటిది పెడితే అదీ బ్రహ్మాండమే. రెండూ కలిపితేనే నీరుగారిపోయేవి. విడివిడిగా మంచివాళ్ళయి ఉండి ఒక ఇంట్లో పడని మనుషుల్ని ఆయన చూశాడు గానీ, డబ్బాల్లో కూడా ఆ బుద్ధులుంటాయని అనుకోలేదు.

బాక్సుల తప్పేమోనని ఇంకో జత కట్టాడు. తర్వాత ఇంకోటి. గది తప్పేమోనని గోడలకి దుప్పట్లు కొట్టాడు, బీరువా ఈ మూల నుంచి ఆ మూలకి మార్చాడు. ఇంటర్నెట్లో ఈ పిచ్చి ఉన్నవాళ్ళంతా చేరే చోట తన గోడు రాసుకుంటే గంటలో నలభై మంది గురువులు తయారయ్యారు. ఒకాయన తీగ మార్చమన్నాడు. ఇంకొకాయన తీగ నేలకి తగలకుండా కింద చెక్కముక్కలు పెట్టమన్నాడు. మరొకాయన ఇల్లు మారమన్నాడు. ఒక్కడు మాత్రం బాక్సుల తీగల్లో ప్లస్సూ మైనస్సూ తిరగబడలేదు కదా, చూసుకున్నారా అని అడిగాడు. పళ్ళాయనకి ఒళ్ళు మండింది. ఇరవై ఏళ్ళుగా పై దవడకీ కింద దవడకీ పొత్తు కుదురుస్తున్నవాణ్ణి, నాకు కుడీ ఎడమా తెలీదా అని వాడికి ఘాటుగా జవాబు రాసి, తీగ కింద చెక్కముక్కలు పెట్టాడు.

ఈ నాలుగేళ్ళూ ఆయన భార్య వంటింట్లో బళ్ళ యూనిఫారాలు కుట్టింది. హాలు స్పీకర్లది కాబట్టి కుట్టుమిషను పొయ్యికీ ఫ్రిజ్జుకీ మధ్య ఇరుక్కుంది. పప్పుల డబ్బాల మీద స్కర్టులు, గిన్నెల స్టాండు మీద చొక్కా చేతులు. ఓసారి కాలరొకటి కూరలో పడితే తీసి ఉతికి కుట్టేసింది, ఆ పిల్లవాడు ఏడాదంతా ఏం వాసన పీల్చాడో పాపం. వంటింటి గుమ్మం దగ్గర, ఎడమ బాక్సుకి రెండడుగుల దూరంలో, ఆవిడ గుండీలు కుట్టుకునే స్టూలు ఉండేది. హాల్లోంచి నిట్టూర్పు వినిపించినప్పుడల్లా ఆవిడ అక్కడి నుంచే అనేది.

"నాకిక్కడ బాగానే వినిపిస్తోందండీ."

"నీకేం తెలుస్తుంది? మిషను మోత విని విని నీ చెవులు మొద్దుబారిపోయాయి."

"డోలు దబదబా మోగుతోంది కదా మరి."

"ఎక్కడ మోగుతోంది? నీ తలకాయలో మోగుతోంది."

ఆవిడ దారం కొరికి ఊరుకునేది. నాలుగేళ్ళలో ఈ మాటలు ఎన్నిసార్లు జరిగాయో లెక్కలేదు. ఆయనకి ఒక్కసారి కూడా లేచి ఆ స్టూలు దాకా వెళ్దామని తోచలేదు. బుద్ధి ఉన్నవాడెవడైనా వెళ్తాడు. కానీ ఇంట్లో అన్నిటికన్నా బాగా వినిపించే చోటు తన కుర్చీయేనని కొలత టేపుతో తేల్చుకున్న మనిషికి గుమ్మం దగ్గర స్టూలుతో పనేమిటి?

ఈ ఏడు రెండు బళ్ళ బట్టలు ఒకేసారి ఒప్పుకోవాల్సి వచ్చింది. వంటింట్లో కాలు పెట్టే చోటు లేకపోయింది. ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఏమండీ, ఇంక నా వల్ల కాదు. హాలు కావాలి నాకు," అంది. ఈ రకం ఏమండీ ఆయన అంతకుముందు వినలేదు.

అదే సమయానికి బావమరిది ఊడిపడ్డాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి. ఎక్కడికెళ్ళినా జేబులో గ్లాసంత స్పీకరొకటి పెట్టుకు తిరుగుతాడు. అక్క వంటింట్లో బట్టల గుట్టల మధ్య పక్కకి తిరిగి నడవడం చూశాడు. నవ్వుతూనే అన్నాడు గానీ కళ్ళు నవ్వలేదు.

"బావా, ఒక మాట. వచ్చే ఆదివారం నేనొచ్చి వింటా. పాడే ఆవిడ ఎక్కడ నిలబడి పాడుతోందో కళ్ళు మూసుకుని వేలు పెట్టి చూపిస్తా. చూపించగలిగితే హాలు నీది, అక్కకి నేను వేరే చోటు చూస్తా. చూపించలేకపోతే మిషను హాల్లోకి, నీ డబ్బాలు అక్క బట్టలు కత్తిరించే బల్లకి కాళ్ళు."

"సరే," అన్నాడు పళ్ళాయన. భార్య ముందు వేరే ఏమంటాడు?

ఆ వారం కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. క్లినిక్ నుంచి దూది తెచ్చి బాక్సుల్లో కూరాడు. మైనం మళ్ళీ పోశాడు. దుప్పట్ల మీద దుప్పట్లు కొట్టాడు. ఆ హడావుడిలో ఒక ముసలావిడ సెట్టులో కోరపళ్ళు రెండూ ఒకే పక్కన పెడితే డాక్టరు మొదటిసారి కేకలేశాడు. శనివారం సాయంత్రం కుర్చీలో కూర్చుని విన్నాడు. మళ్ళీ అదే అట్టపెట్టె. హాలు పోతుందన్న బాధ ఒకటి, తన చెవి కోరిందాన్ని తన చేతులు చేయలేకపోయాయన్న సిగ్గు ఒకటి. రెండోది ఎక్కువ కుట్టింది.

ఆదివారం బావమరిది వచ్చాడు. న్యాయం చెప్పేవాడికి మంచి చోటివ్వాలని పళ్ళాయన గుండె రాయి చేసుకుని తన కుర్చీలో కూర్చోబెట్టాడు. పాట పెట్టాడు. బావమరిది కళ్ళు మూసుకుని వేలెత్తాడు. వేలు కుడికి వెళ్ళింది, ఎడమకి వచ్చింది, పైకి లేచింది, ఆఖరికి తన వెనక్కి తిరిగింది.

"బావా, ఈవిడ ఇల్లంతా తిరుగుతూ పాడుతోంది. మధ్యలో కాసేపు బీరువాలోకి కూడా వెళ్ళొచ్చింది."

వంటింటి గుమ్మం దగ్గర స్టూలు మీంచి ఆవిడ అంది. "బాగానే ఉంది కదరా, వంకలు పెడతావేంటి?"

"అయితే నువ్వొచ్చి కూర్చో అక్కా."

నాలుగేళ్ళలో ఆవిడ ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. ఒళ్ళోని చొక్కా అలాగే పట్టుకుని కూర్చుంది. కాసేపు విన్నది. మొహం మారిపోయింది.

"ఏమండీ, ఇక్కడ డోలే లేదు."

"నేను చెప్పేది అదేగా."

"ఇన్నేళ్ళూ రోజూ ఇక్కడ కూర్చుని మీరు విన్నది ఇదా?"

ఆవిడకి నిజంగా జాలేసింది. ఇన్నాళ్ళూ ఈయన చాదస్తంతో లక్షణంగా ఉన్న పాటని తిడుతున్నాడనుకుంది. లేచి, ఆయన చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి స్టూలు మీద కూలేసింది. "ఇప్పుడు వినండి."

పళ్ళాయన విన్నాడు. డోలు దబదబా మోగుతోంది. పొట్టకి తగులుతోంది. నాలుగేళ్ళుగా తను మొద్దు చెవులని తిట్టిన మనిషి రోజూ ఈ డోలు వింటూ గుండీలు కుట్టుకుంది. తలెత్తి ఆవిడ మొహం చూడలేకపోయాడు.

ప్లస్సూ మైనస్సూ అని అడిగినవాడు గుర్తొచ్చి, లేచి గోడ గడియారంలోంచి బ్యాటరీ ఊడదీశాడు. పాట ఆపి, కుడి బాక్సు తీగల రెండో కొసల్ని పాటకి బలమిచ్చే ఆంప్లిఫైయర్ నుంచి ఊడదీసి బ్యాటరీకి తాకించాడు. వూఫరు టక్కున బయటికి తోసింది. ఎడమ బాక్సుకీ అలాగే తాకించాడు. వూఫరు టక్కున లోపలికి పోయింది. ఒకటి తోస్తుంటే రెండోది లాగుతోంది. ఒక బాక్సు పక్కన కూర్చున్నవాళ్ళకి దాని మోత దక్కుతోంది. సరిగ్గా నడిమధ్యన కూర్చున్నవాడికి మాత్రం రెండూ సమానంగా వచ్చి ఒకదాన్నొకటి మింగేస్తున్నాయి. ఇల్లు మొత్తమ్మీద అన్నిటికన్నా పాడు చోటు ఏదో కొలిచి మరీ టేపు వేసుకుని కూర్చున్నాడు.

"ఎలా జరిగింది బావా?" అన్నాడు బావమరిది.

"పళ్ళు," అన్నాడు పళ్ళాయన.

దవడలో కుడి సగం ఎలా ఉంటే ఎడమ సగం దానికి తిరగేసి ఉంటుంది. కుడి కోరపన్ను బయటి వైపుంటే ఎడమ కోరపన్నూ బయటి వైపే. ఇరవై ఏళ్ళుగా చేతికి అదే అలవాటు. బాక్సులు కట్టేటప్పుడు కూడా చెయ్యి తనపాటికి తను, రెండిట్లోనూ ప్లస్సు తీగని బయటి వైపు స్క్రూకి బిగించేసింది. తర్వాత ఆంప్లిఫైయర్‌కి కలిపేటప్పుడు మాత్రం మామూలు మనిషిలా రెండిటికీ కుడి స్క్రూయే ప్లస్సు అనుకున్నాడు. స్క్రూలు రెండూ ఇత్తడివే, తీగలు రెండూ తెల్లవే. మూడు జతల్లోనూ తు.చ. తప్పకుండా అదే తప్పు. ఇంటర్నెట్లో అడిగినవాడి పేరు గుర్తు తెచ్చుకుని క్షమాపణ రాయాలనుకున్నాడు గానీ, అది ఇంతవరకూ రాయలేదు.

ఎడమ బాక్సు వెనక రెండు స్క్రూలు వదులు చేసి తీగలు అటుదిటు మార్చడానికి ఒక నిమిషం పట్టింది. బావమరిది మళ్ళీ కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. పాట మొదలైంది. వేలు నేరుగా ముందుకి వెళ్ళి, గోడకి అడుగు ఇవతల, ఎవరూ లేని చోట ఆగింది.

"ఇదిగో బావా. ఇక్కడే నిలబడింది. ఊపిరి పీల్చడం కూడా వినిపిస్తోంది." కళ్ళు తెరిచి తల గోక్కున్నాడు. "సరే, నేను ఓడిపోయా. హాలు నీదే."

పళ్ళాయన వంటింటి వైపు చూశాడు. ఆవిడ అప్పటికే లోపలికెళ్ళి, ఫ్రిజ్జుకీ మిషనుకీ మధ్య ఒంటి కాలి మీద నిలబడి కింద పడ్డ జేబులు ఏరుకుంటోంది. నాలుగేళ్ళు వెతికిన పాట ఎదురుగా మోగుతోంది, ఆయనకి కూర్చోబుద్ధి కాలేదు.

"పందెం ఇందాకే అయిపోయింది," అన్నాడు. "లే. మిషను అటు పక్క పట్టుకో."

హాల్లో వెలుతురూ, మిషను మోటారుకి ప్లగ్గూ రెండూ అందే చోటు ఒక్కటే ఉంది, కుర్చీ ఉన్న చోటు. కుర్చీ తీసేసి, నేల మీది టేపు గుర్తుల మధ్య మిషను దించారు. బావమరిది చేతులు దులుపుకుని బాక్సుల వైపు చూశాడు.

"వీటిని బల్ల కిందికి తోసేద్దామా అక్కా?"

"ఉండనివ్వరా. బల్లకి కాళ్ళు నేను వేరే చూసుకుంటా," అంది ఆవిడ.

ఇప్పుడు సాయంత్రం క్లినిక్ నుంచి వచ్చి పళ్ళాయన వంటింటి గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుంటాడు. గుండీలు కుట్టడం కూడా కొంచెం నేర్చుకున్నాడు, పళ్ళ వరసలా మహా తిన్నగా కుడతాడు. మొన్న ఆవిడ మిషను తొక్కడం ఆపి, కళ్ళు మూసుకుని తల ఓ పక్కకి వాల్చింది.

"ఏమండీ, ఈవిడ ఇవాళ కొంచెం కుడికి జరిగి పాడుతోంది. ఆ ఎడమ బాక్సు ఓ వేలెడు ముందుకి లాగండి."

"నాకిక్కడ బాగానే వినిపిస్తోందే," అన్నాడు పళ్ళాయన.

"మీకేం తెలుస్తుంది అక్కడ కూర్చుంటే?"

ఆయన దారం కొరికి, సూది చొక్కాకి గుచ్చి, బాక్సు జరపడానికి లేచాడు.