నల్ల టేపు కింద ఏడు ముడులు

సిరిసిల్లలో సుస్మిత వేళ్ల గురించి చెప్పుకునే మాటలకు కొలత లేదు. తెగిన మెరుపును చేతికిచ్చినా ముడేసి మళ్లీ ఆకాశానికి తగిలిస్తుందట. అందులో సగం కోతే అనుకున్నా, మిగిలిన సగం జిల్లా మొత్తానికి చాలు. పదమూడో ఏట నుంచి మరమగ్గాల షెడ్డులో తెగిన పోగులు అతికిన వేళ్లవి.

ఆ మగ్గాల చప్పుడు ఇక చాలనుకుని జగిత్యాల ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చేసింది. ఆమె స్తంభమెక్కిన రోజు చూడటానికి సగం జగిత్యాల కదిలొచ్చిందని తల్లి సత్యవ్వ ఇప్పటికీ చెబుతుంది. వచ్చింది ముగ్గురు మనుషులు, ఒక మేక.

తర్వాత కోరుట్లలో ముత్యం లైటింగ్ దుకాణంలో పనికి కుదిరింది. లైసెన్సున్న యజమాని ముత్యం అనుభవ పత్రం మీద సంతకం పెడితేనే వైర్‌మన్ పరీక్షకు కూర్చోనిస్తారు. "బతుకమ్మ లైట్ల పని సక్కగ చెయ్యి, పెడత" అన్నాడాయన.

అది తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న ఏడాది. గనుల్లో బొగ్గు ఆగిపోయి, కరెంటు చుట్టంలా వచ్చిపోతోంది. ఆ సాయంత్రం ఆరింటికి గంటసేపు ఇస్తారని కబురు. దీక్షా శిబిరం ముందు ఆడవాళ్లు బతుకమ్మ ఆడాలి. పందిరి చుట్టూ కట్టిన పాత సీరియల్ బల్బుల తీగ ముప్ఫై చోట్ల తెగి ఉంటే, సుస్మిత అన్నీ అతికి నల్ల టేపు చుట్టింది.

ఐదున్నరకు ముత్యం అనుభవ పత్రం పట్టుకుని వచ్చి, ఒక టేపు విప్పి చూశాడు.

"ఏంది బిడ్డా గిది? తీగ మీది తోలు గూడ తియ్యకుంట నేత ముడి ఏసినవ్! గిది తీగనా, చీరె పోగా?"

సుస్మిత ఆ ముడిని తడిమి చూసుకుంది. మధ్యాహ్నం పక్కింటి లింగవ్వ వచ్చి పెళ్లి సంబంధాల ముచ్చట్లు పెట్టింది. చెవులు అటు పోగానే చేతులు షెడ్డుకు పోయాయి. తెగినది కనపడితే ముడెయ్యడమే వాటికి తెలుసు.

"ఎన్నింటికి ఏసినవ్?"

"యాదికి లేదు కాకా."

"ఒక్కటి మిగిలినా కరెంటు పారక తీగంత చీకటే. అన్నీ ఇప్పేసరికి కరెంటు అచ్చుడు, పోవుడు గూడ అయితది." ముత్యం పత్రాన్ని మళ్లీ జేబులోకి తోశాడు. "మళ్ల మగ్గానికే పో."

సుస్మిత తల తిప్పితే లింగవ్వ బతుకమ్మ పట్టుకుని నిలబడి ఉంది. "నన్ను జూస్తవేందే? నోరు నాది, చేతులు నీయి!"

సుస్మిత కళ్లు మూసుకుంది. తీగను వేళ్ల మధ్య నుంచి జార్చసాగింది. మెలిపెట్టిన అతుకు టేపు కింద పొడుగ్గా తగులుతుంది, ముడి కందిగింజలా గుండ్రంగా తగులుతుంది. తగిలిన చోటల్లా కోసి, తోలు తీసి, రాగిని మెలిపెట్టి చుట్టింది. ముత్యం విప్పినదానితో కలిపి ఏడు.

ఆరయింది. కరెంటు వచ్చింది. పందిరి ఈ చివర నుంచి ఆ చివరకు భగ్గున వెలిగింది. ఆ వెలుగుకు కోరుట్ల కోళ్లన్నీ తెల్లారిందనుకుని కూశాయట. సుస్మిత మాత్రం టేపు చుట్ట పక్కన పెట్టి అక్కడే కూర్చుంది.

ముత్యం మోకాలి మీద పత్రం పెట్టి సంతకం గీశాడు. "ముడి ఏయొద్దని అంటలేను బిడ్డా. ఏలాడే బల్బుకు హోల్డరు లోపట ఏసుకో, బరువు ఆపుతది. అతుకుకాడ మాత్రం వద్దు."

లింగవ్వ బతుకమ్మ ప్రసాదం మలీద ముద్ద సుస్మిత నోట్లో పెట్టి చేరువగా కూర్చుంది. "ఇందాక జెప్పిన ఆ సంబంధం పిల్లగాని సంగతి ఏమంటవే మరి?"

"జర దూరం జరుగు పెద్దమ్మా," అంది సుస్మిత నవ్వుతూ. "ఇంకో తీగ అతికేది ఉన్నది."